కుర్చీకాలి వంపు

1702 మొదలు 1714 వఱకు ఇంగ్లండు నేలిన ఆన్ రాణి పేర చెల్లుచున్న కుర్చీని ఒక్కమాఱు చూచినవారు దాని కాలిని మఱవజాలరు. మోకాలికడ వెలికి ఉబికి, చీలమండకు దిగుచు లోనికి సన్నగిల్లి, తుదకు పాదమై నేల నానుకొను ఆ వంపే ఆ శైలికి ప్రాణము. జార్జి రాజుల కాలమునను అది నిలిచి, 1754లో థామస్ చిప్పెండేల్ వెలువరించిన నమూనాల గ్రంథమునను చోటు సంపాదించుకొనెను.

ఆ వంపును మన విశాఖపట్నపు కంసాలులు తమదిగా చేసికొనిరి. ఈస్టిండియా కంపెనీ దొరలు తమ దేశపు మాదిరులు చూపి కుర్చీలు, బల్లలు, పెట్టెలు చేయింపగా, వారు జిట్టేగి చేవను చెక్కి, అంచులవెంట దంతపు రేకులు పొదిగి, ఆ దంతముపై సన్నని గీతలు గీసి, గీతలలో నల్లని లక్క నింపిరి. ఆ లతలును పువ్వులును కోరమండల తీరపు అద్దకపు వస్త్రముల అంచులకు తోబుట్టువులు. 1756లో ఆ పట్టణమును చూచిన జాన్ కార్నీల్ అను సైనికాధికారి ఈ పొదుగుడు పనిని ఎంతయో మెచ్చుకొని వ్రాసియున్నాడు.

భిలాయి ఉక్కు కర్మాగారపు కొలుములకు సున్నపురాయి నందించు ఈ నందినిలో, సాయంవేళల టేకుచెక్కపై ఉలి పట్టు అలవాటు గల నాకు, ఆ పనివారి గొప్పతనము పుస్తకములకంటె చెక్కయే ఎక్కువగా బోధించినది. అట్టి కాలు తీయవలెనన్న, దళసరి దుంగ యొక్క ఒకదాని నొకటి ఆనుకొన్న రెండు ముఖములపై వంపు గీసికొని, ఆ రెండు ముఖములనుండియు రంపముతో కోసి, పిదప కోణములను గుండ్రముగా దింపవలెను. ఎంత నేర్పుతో కోసినను చీలమండకడ చెక్కనార తెగిపోవును; బరువెల్ల ఆ బలహీనమైన చోటనే పడును. ఇంగ్లండులో వాల్‌నట్ పలుచని పొరలను పైకి అంటించు పద్ధతి ప్రబలియుండగా, జిగురు నిలువని ఉక్కతీరమున మనవారు గట్టి జిట్టేగినే నిండుగా వాడిరి. వంపు ఇంగ్లీషువారినుండి వచ్చినదైనను, దానిని నిలిపిన తెలివి మనవారిదే యని నా దృఢవిశ్వాసము.

మద్రాసు గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ వించ్ ఆస్తి 1781లో అమ్మకమునకు రాగా, మూడవ జార్జి తన రాణి షార్లెట్ కొఱకు కొనిన విశాఖ కుర్చీలు లోకప్రసిద్ధములు. అవి గంధపుచెక్కపై ఆమూలాగ్రము దంతము తొడిగినవి. రాజులకు అవి నచ్చుట సహజమే; నాకు మాత్రము అంతకు పూర్వపు కుర్చీలే మిన్న. నల్లని చేవ ప్రక్కన తెల్లని గీత వెలుగునట్లు, అంతయు తెల్లనైనచోట వెలుగదు. ఎచ్చట ఆగవలెనో ఎఱిగిన చేయి ఆ తొలిపనిలో కనబడును.

దంతము మరల రానక్కరలేదు. ఏనుగు బ్రదుకవలెను, చట్టమును దానిని నిషేధించి మేలే చేసినది. కాని లక్కయు, గీతయు పోనక్కరలేదు. విశాఖకు చేరువనున్న ఏటికొప్పాకలో బొమ్మలు తరిమెనపట్టుటకు వాడు అంకుడుకర్ర దంతమువలెనే తెల్లనిది, మెత్తనిది. దానిని పలుచగా చీల్చి టేకులో పొదిగి, వాడి గల సూదియులితో గీత లాగి, కరగిన నల్లలక్క పూసి, ఆఱిన పిమ్మట పైలక్కను గీకివేసినచో గీత తేటగా నిలుచుచున్నది. ఏటికొప్పాక పనివారు బొమ్మలతోపాటు ఈ పొదుగుడును చేపట్టుదురేని, ఈ మాదిరిని వారికి చూపుటకు నేను సిద్ధముగా నున్నాను.