వేషం విడిచిన విదూషకుడు: ఓపెన్ మైక్ హాస్యంలో ‘నేను’, యాస, సభ

ఒక వ్యక్తి, ఒక మైకు, కొద్ది నిమిషాల గడువు. ఓపెన్ మైక్ వేదిక స్వరూపం స్థూలంగా ఇంతే. పేరు నమోదు చేయించుకున్న వారెవరైనా వేదిక ఎక్కవచ్చు. నవ్వించగలిగితే సభ వారిది; లేకపోతే మౌనాన్ని భరించి దిగిపోవాలి. హైదరాబాదులో 2010లో బంజారాహిల్స్‌లో మొదలైన లామకాన్ వంటి సాంస్కృతిక వేదికలు, కాఫీ దుకాణాలు, బార్లు ఈ ప్రదర్శనలకు చోటిచ్చాయి. ఇంగ్లీషు, హిందీలు ప్రధానంగా వినిపించే ఈ వేదికలపై తెలుగు కూడా తన చోటు వెతుక్కుంటున్నది.

స్టాండప్ కామెడీని పాశ్చాత్య దిగుమతిగా భావించి పక్కన పెట్టడం ఒక తేలిక మార్గం. 2013లో ఈటీవీలో ప్రారంభమైన ‘జబర్దస్త్’కు దీన్ని కొనసాగింపుగా లెక్కించడం మరొకటి. రెండూ సరిపోవు. ‘జబర్దస్త్’ పాత్రలతో, వేషాలతో నడిచే ప్రహసనం. ఓపెన్ మైక్ హాస్యకారుడు తన పేరుతో, తన బట్టల్లో నిలబడి ‘నేను’ అని మాట్లాడతాడు. ఒంటరిగా నవ్వించడం తెలుగుకు కొత్త కాదు. వేషం లేకుండా నవ్వించడం కొత్త. ఈ మార్పు హాస్యకారునికి ఏమి ఇచ్చింది, అతని నుండి ఏమి తీసుకున్నది అన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

ఏకపాత్ర హాస్యం: పూర్వరంగం

దశరూపకాలలో భాణం ఏకపాత్ర రూపకం. విటుడు ఒక్కడే రంగంమీద ఉండి, కనిపించని వ్యక్తుల మాటలను విన్నట్లు నటిస్తూ, వాటిని తానే చెప్పి, తానే బదులిస్తాడు. లాక్షణికులు దీనిని ఆకాశభాషితం అన్నారు. ఓపెన్ మైక్ హాస్యకారుడు తల్లి మాటను, అధికారి మాటను, ఆటో డ్రైవరు మాటను గొంతు మార్చి వినిపించేటప్పుడు చేసే పని ఇదే. తెలుగులో వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’ వీథీ రూపకం. టిట్టిభసెట్టి, మంచనశర్మ ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ నగరాన్ని వ్యాఖ్యానిస్తారు. నగరజీవితమే హాస్యానికి ముడిసరుకు కావడం కూడా మనకు ఆనాటిదే.

శాస్త్రగ్రంథాల కన్నా దగ్గరి బంధువు తెలంగాణ వీధుల్లో ఉన్నాడు. అతడే పిట్టలదొర, తుపాకి రాముడు అని కూడా అంటారు. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. లేని ఆస్తులను లెక్కపెడతాడు, లేని అధికారాన్ని చలాయిస్తాడు, అడగని వరాలు ఇస్తాడు. అతని ప్రదర్శన ఆసాంతం ఉత్తమ పురుషలోనే సాగుతుంది. ఎదుటి మనిషిని పలకరించి, అతని జవాబును పట్టుకొని అప్పటికప్పుడు మాట అల్లుతాడు. ఈనాటి వేదికలపై ‘క్రౌడ్ వర్క్’ అని పిలుస్తున్న నైపుణ్యం ఇదే. భేదం ఒక్కటే: పిట్టలదొర ‘నేను’ అన్నప్పుడు ఆ నేను వేషానిది, మనిషిది కాదన్న సంగతి ఊరందరికీ తెలుసు.

వేషం ఇచ్చిన రక్షణ

హాస్యానికి విభావాలను చెప్పేటప్పుడు నాట్యశాస్త్రం వికృతమైన వేషాలంకారాలకు ప్రముఖ స్థానం ఇచ్చింది. వేషాన్ని నవ్వుకు కారణంగానే లాక్షణికులు చూశారు. జానపద ప్రదర్శనలో వేషం నవ్వించడంతో పాటు రక్షిస్తుంది కూడా. పగటివేషగాడు గ్రామాధికారిని ఎత్తిపొడిస్తే, ఆ మాట వేషానిదిగా చెల్లుబాటు అవుతుంది. పిట్టలదొర దొరతనాన్ని వెక్కిరిస్తున్నాడని దొరకు తెలిసినా, కట్టె తుపాకి పట్టుకున్నవాడి మీద కోపగించుకుంటే తానే నవ్వులపాలు అవుతాడు. సంస్కృత నాటకంలో రాజు ఎదుట విదూషకునికి ఉన్న చొరవ కూడా ఇటువంటిదే. టెలివిజన్ ఈ ఏర్పాటును కొంతవరకు నిలుపుకున్నది. వీ6 ‘తీన్మార్’ వార్తలలో చేవెళ్ళ రవి ‘బిత్తిరి సత్తి’గా మాట్లాడినప్పుడు ఆ మాటకు ఒక పాత్రపేరు అడ్డుగా ఉన్నది.

స్టాండప్‌లో ఆ అడ్డు లేదు. వేదికమీది మాట వక్త సొంత అభిప్రాయంగా, కొన్నిసార్లు సొంత నేరంగా కూడా లెక్కకు వస్తుంది. హాస్యకారుడు మునావర్ ఫారూఖీ 2021 జనవరి 1న ఇందౌర్‌లో అరెస్టయి, ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చేవరకు జైలులో ఉండవలసివచ్చింది. 2022 ఆగస్టు 20న హైదరాబాదు శిల్పకళావేదికలో అతని ప్రదర్శన భారీ పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. వేషం పోవడం కేవలం శైలికి సంబంధించిన విషయం కాదని ఈ ఉదంతం చెబుతుంది. అయితే స్టాండప్‌లోని ‘నేను’ అచ్చమైన ఆత్మకథ కూడా కాదు. అదే మాటను ప్రతి వేదికపైనా, అదే విరామంతో, అప్పుడే తోచినట్లు చెప్పడం అభినయమే. మొక్కపాటి ‘బారిష్టరు పార్వతీశం’లోని ఉత్తమ పురుష కథనాన్ని రచయిత జీవితచరిత్రగా ఎవరూ చదవరు. ఆ మర్యాద వేదికమీది ‘నేను’కు దక్కడం లేదు.

యాస: ఎవరిమీద నవ్వు?

వేషం పోయినచోట హాస్యకారునికి మిగిలేది వాక్కు. తెలుగు వేదికమీద వాక్కు అంటే ముందు యాస. తెలుగు సినిమా చాలాకాలం తెలంగాణ యాసను ప్రతినాయకులకు, హాస్యపాత్రలకు కేటాయించింది. అక్కడ యాసే నవ్వుకు లక్ష్యం. ఓపెన్ మైక్‌లో అదే యాస ‘నేను’ అనే వక్త భాష అయినప్పుడు లక్ష్యం మారే అవకాశం ఉన్నది. ఒక ఊహాత్మక నమూనాతో దీన్ని పరిశీలించవచ్చు.

సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట్‌కు చెందిన ఒక యువకుడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాడనుకుందాం. ఆఫీసు క్యాబ్‌లో తోటి ఉద్యోగి ఎక్కడ దిగుతారని అడుగుతాడు. బన్సీలాల్‌పేట్ అంటే అతనికి తెలియదు. యువకుడు గుర్తుగా గాంధీ ఆసుపత్రి పేరు చెబుతాడు. ‘‘అయ్యో, ఎవరికి ఒంట్లో బాగోలేదండీ?’’ అని తోటి ఉద్యోగి పరామర్శ. ‘‘ఎవలికేం కాలే అన్నా, మా ఇల్లే ఆడ ఉన్నది’’ అని యువకుని జవాబు.

రెండు గొంతులనూ ఒక్కడే పలుకుతాడు కనుక ఇది ఆకాశభాషితం. ఇందులో నవ్వు మూడు చోట్లకు చేరగలదు. మొదటిది, నగరంలో సగాన్ని ఆసుపత్రి గుర్తుతో తప్ప ఎరుగని ఉద్యోగి అజ్ఞానం. రెండవది, తన పేటకు పేరుండీ గుర్తింపు లేని వక్త ఇబ్బంది. మూడవది, ‘ఎవలికేం కాలే’ అన్న పలుకుబడి. జవాబును వక్త తన సహజమైన ఊనికతో చెబితే నవ్వు మొదటి రెండింటి మధ్య ఉంటుంది. యాసను సాగదీసి, సినిమా ఫక్కీలో ఎక్కువ చేస్తే నవ్వు మూడవదానిమీదికి జారి, అతని చేతిలోని ఆయుధం అతనికే తగులుతుంది. మాట మారలేదు, ఉచ్చారణ మాత్రమే మారింది. అందువల్ల ఈ ప్రక్రియను అచ్చులోని పాఠం ఆధారంగా విమర్శించడం సాధ్యం కాదు.

నాట్యశాస్త్రం హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని విభజించింది: తాను నవ్వడం, ఎదుటివారిని నవ్వించడం. తనమీద తాను నవ్వి ఎదుటివారిని నవ్వించే స్థితిలో ఈ రెండూ కలిసిపోతాయి. ఆ స్థితి ఎంత గౌరవప్రదం అన్నది ఎదుట కూర్చున్న సభమీద ఆధారపడి ఉంటుంది.

సభ ఎక్కడ ఉన్నది?

పిట్టలదొర సభ దగ్గరికి వెళతాడు: అంగడికి, వాకిటికి, కూడలికి. ఓపెన్ మైక్ సభను తన దగ్గరికి పిలుస్తుంది. బార్‌లో కూర్చోవడానికి ఖర్చు ఉన్నది, వయసు నియమం ఉన్నది, మద్యం ఉన్నచోటికి రావడానికి చాలా ఇళ్ళలో స్త్రీలకు ఉండే ఆంక్షలు ఉన్నాయి. పై నమూనాలోని హాస్యం బార్‌లో కూర్చున్న ఉద్యోగులకు వారి అజ్ఞానాన్ని చూపిస్తుంది. అదే దాని బలం. కానీ ఆ హాస్యానికి మూలమైన పేట మనుషులు ఆ సభలో ఉండరు. తమ జీవితం మీద పుట్టిన నవ్వుకు తల ఊపే అధికారం గానీ, అడ్డుచెప్పే అధికారం గానీ వారికి అందదు. పిట్టలదొరను ఆ అధికారమే అదుపులో ఉంచింది. శ్రుతిమించితే వాకిట్లోనే జవాబు వచ్చేది. బన్సీలాల్‌పేట్ పురాతన మెట్లబావి పునరుద్ధరణ పొంది 2022 డిసెంబరులో మళ్ళీ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అటువంటి బహిరంగ ఆవరణలో, పేట మనుషుల ఎదుట, అదే నమూనాను వినిపిస్తే వక్త తన యాసను సాగదీయగలడా అన్నది అడగదగిన ప్రశ్న.

ముగింపు

ఓపెన్ మైక్ హాస్యం ఆకాశభాషితాన్ని, పిట్టలదొర ఆశుచాతుర్యాన్ని తెలిసో తెలియకో కొనసాగిస్తున్నది. వేషాన్ని విడిచి తన యాసకు వక్త స్థానాన్ని సంపాదించుకునే వీలు పొందింది. అందుకు మూల్యంగా వేషం ఇచ్చే రక్షణను, వాకిటి సభ చేసే అదుపును కోల్పోయింది. మొదటి లోటును తీర్చవలసిన బాధ్యత కొంత విమర్శది: వేదికమీది ‘నేను’ను వాంగ్మూలంగా కాక కథకునిగా వినడం నేర్పాలి. రెండవ లోటును తీర్చగలిగేది వేదిక స్థానం మాత్రమే. పగటివేషాల పాఠాలు సేకరణకు నోచుకోక ఎంత పోయిందో జానపద పరిశోధకులకు తెలుసు. ఈ హాస్యాన్ని కూడా ఉచ్చారణతో, విరామంతో, సభ స్పందనతో సహా నమోదు చేయకపోతే, రేపటి పరిశోధకునికి మిగిలేది నవ్వు లేని పాఠమే.