పాత్ర రాసుకొన్న దినచర్య: రోల్‌ప్లేయింగ్ క్రీడల్లో స్మృతి, మరపు

వ్యాససంగ్రహం

రోల్‌ప్లేయింగ్ క్రీడలో కథ ఆడుతుండగానే పుడుతుంది. ఆడినవారు లేచి వెళ్ళాక అది వారి జ్ఞాపకంలో తప్ప మరెక్కడా ఉండదు. దాన్ని నిలుపుకోవడానికి పాత్రపత్రం, సంభాషణ ప్రతి, పాత్ర పేరిట రాసే దినచర్య అనే మూడు సాధనాలు వాడుకలోకి వచ్చాయి. అమెరికాలో వెలువడిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’, జపాన్‌కు చెందిన ‘రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్’, టిమ్ హచింగ్స్ రూపొందించిన ‘థౌజండ్ ఇయర్ ఓల్డ్ వాంపైర్’ ఆధారంగా ఈ సాధనాల స్వభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దినచర్య ఆటకు నకలు కాదని, ఏది మిగలాలో ఏది పోవాలో తేల్చే రెండో రచన అని, పోయినదాని ఆనవాళ్ళను అది ఎంతవరకు నిలిపిందన్నదే దాని విలువకు కొలమానమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రోల్‌ప్లేయింగ్ క్రీడ, దినచర్య, పాత్రపత్రం, సంభాషణ ప్రతి, స్మృతి, మరపు, ప్రదర్శన పాఠం.

1. ప్రవేశిక

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు నిర్వాహకులు. మిగిలినవారు ఒక్కొక్క పాత్రను ధరిస్తారు. నిర్వాహకుడు పరిస్థితిని వర్ణిస్తాడు. తన పాత్ర ఏం చేయబోతోందో ఆటగాడు చెబుతాడు. ఫలితం సందేహంలో ఉన్నచోట పాచికలు తేలుస్తాయి. ముందుగా రాసిపెట్టుకొన్న సంభాషణలు లేవు. ఎదురుగా కూర్చొన్న ప్రేక్షకులు లేరు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల పేరిట మూడు చిన్న పుస్తకాలుగా వెలువడిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ క్రీడ అచ్చులోకి వచ్చింది. ఒకే పాత్రతో నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ళ తరబడి ఆడటం ఇందులో మామూలు. కనుక గతవారం ఏం జరిగిందన్న ప్రశ్న ఈ క్రీడతోపాటే పుట్టింది.

ఈ ప్రశ్న సాహిత్య విమర్శకు ఎందుకు సంబంధించినదో మన నాట్యశాస్త్ర పరిభాషలో సులువుగా చెప్పవచ్చు. నాటకంలో కవి వేరు, నటుడు వేరు, సహృదయుడు వేరు. అనుకార్యమైన పాత్ర, దాన్ని అనుకరించే నటుడికంటె ముందే కావ్యంలో ఉంటుంది. రోల్‌ప్లేయింగ్ క్రీడలో ఈ విభజన నిలవదు. పాత్రను కల్పించేవాడు, ధరించేవాడు, దాని సుఖదుఃఖాలను ఆస్వాదించేవాడు ఒక్కడే. ఆ ఒక్కడు ఇంటికి వెళ్ళి దినచర్య రాయడం మొదలుపెట్టగానే మళ్ళీ ముగ్గురవుతాడు: నటుడిగా తాను చేసినదాన్ని సహృదయుడిగా తలచుకొని కవిగా రాస్తాడు. ఈ విడివడటంలో ఏం పోతోంది, ఏం కొత్తగా చేరుతోంది అన్నది ఈ వ్యాసానికి మూలప్రశ్న.

2. పూర్వ అధ్యయనాలు

ఈ క్రీడలపై తొలి ముఖ్య సామాజికశాస్త్ర గ్రంథం గ్యారీ అలన్ ఫైన్ రాసిన ‘షేర్డ్ ఫాంటసీ’ (1983). ఎర్వింగ్ గాఫ్‌మన్ సిద్ధాంతాన్ని అనుసరించి, ఆడేవాడు ఏకకాలంలో వ్యక్తిగా, ఆటగాడిగా, పాత్రగా మూడు చట్రాలలో మసలుతాడని ఆయన చూపారు. డేనియల్ మకే 2001లో ఈ క్రీడను కొత్త ప్రదర్శన కళగా వివేచించారు. జెన్నిఫర్ గ్రౌలింగ్ కవర్ 2010లో వెలువడిన గ్రంథంలో ఇందులోని కథన నిర్మాణాన్ని విశ్లేషించారు. ఆ పునాదిమీద నిలిచి, ఆట ముగిశాక మిగిలే రాతప్రతిని మాత్రమే ఈ వ్యాసం పరిశీలనకు తీసుకొంటుంది. ఫైన్ చెప్పిన మూడు చట్రాలలో ఏ రాతప్రతి దేనిని నిలుపుతోంది, దేనిని చెరిపివేస్తోంది అన్నదే ఇక్కడి విశ్లేషణకు ఆధారం.

3. పాత్రపత్రం: లెక్కల్లో మిగిలిన జీవితం

ఈ క్రీడలో అన్నింటికంటె పాత రాతప్రతి పాత్రపత్రం. పాత్ర పేరు, జాతి, వృత్తి, బలం, తెలివి వంటి గుణాల అంకెలు, దగ్గరున్న ఆయుధాలు, బంగారు నాణేలు అందులో ఉంటాయి. గైగాక్స్ 1979లో నిర్వాహకుల కోసం వెలువరించిన కరదీపికలో, ఆటలోని కాలాన్ని రోజుల లెక్కతో ఖచ్చితంగా నమోదు చేయాలని గట్టిగా చెప్పారు. గాయం మానడానికి, ప్రయాణానికి, మంత్రపరిశోధనకు పట్టే రోజులు లెక్కలో లేకపోతే ఆటగాళ్ళ నిర్ణయాలకు బరువుండదన్నది ఆయన వాదం. కథను కాపాడుకోవాలన్న కోరికకంటె న్యాయంగా ఆడాలన్న అవసరమే ఇక్కడ రాతకు ప్రేరణ.

అయినా ఈ పొడి లెక్కల్లోనూ కథ చోటుచేసుకొంది. ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’లో ‘మెల్ఫ్’ పేరిట ఒక ఆమ్లబాణ మంత్రం ఉంది. మెల్ఫ్ గైగాక్స్ కుమారుడి పాత్ర. పాత్రపత్రంలో పురుషుడని సూచించే ‘ఎం’ అక్షరం, జాతిని సూచించే ‘ఎల్ఫ్’ అన్న మాట కలిసి ఆ పేరు ఏర్పడిందని చెబుతారు. గైగాక్స్ స్వయంగా ధరించిన మాంత్రికుడు మోర్డెన్‌కైనెన్ పేరు కూడా 1978 నాటి ఆటగాళ్ళ కరదీపికలో మంత్రాల పేర్లలోకి ఎక్కింది. ఒక ఇంటి బల్లచుట్టూ ఆడిన పాత్రలను ఆ ఇంటిని ఎన్నడూ చూడని ఆటగాళ్ళు నేటికీ తలుస్తూనే ఉన్నారు. పాత్ర చేసిన సాహసాలు పోయాయి, పేరు నిలిచింది.

ఈ నిలకడకూ హద్దుంది. 2000లో ఈ క్రీడ మూడో కూర్పు నియమాలను ఇతర ప్రచురణకర్తలు వాడుకొనేందుకు బహిరంగ లైసెన్సుతో విడుదల చేసినప్పుడు, సంస్థ తన సొత్తుగా ఉంచుకోదలచిన పేర్లను అందులోంచి తొలగించింది. ఆ ప్రతిలో ఆమ్లబాణం ఉంది, మెల్ఫ్ లేడు. మంత్రాన్ని ఎవరైనా వాడుకోవచ్చు గాని, దాన్ని తొలిసారి ప్రయోగించినవాడి జ్ఞాపకం మాత్రం యాజమాన్య హక్కు కిందికి వెళ్ళిపోయింది. ఆడినవారి కథను ఎవరు భద్రపరుస్తారన్న ప్రశ్నలో ఆ కథ ఎవరిదన్న ప్రశ్న కూడా ఇమిడి ఉంటుందనడానికి ఇది చాలు.

4. సంభాషణ ప్రతి: లోడోస్ ఉదాహరణ

ఆటలో పలికిన మాటలనే కథగా అందించే మరో పద్ధతి జపాన్‌లో స్థిరపడింది. 1986లో ‘కాంప్‌టిక్’ పత్రికలో ‘రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్’ ధారావాహికగా మొదలైంది. అది నవల కాదు. హితోషి యసుదా నాయకత్వంలోని గ్రూప్ ఎస్‌ఎన్‌ఈ సభ్యులు ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ నియమాలతో ఆడిన ఆటకు అక్షరరూపం. ఈ రూపాన్ని అక్కడ ‘రీప్లే’ అంటారు. నాటకప్రతిలో మాదిరిగా ఎవరి మాట వారి పేరుతో ఉంటుంది. పాత్ర పలికిన వీరవాక్యం పక్కనే ఆటగాడి వేళాకోళం, పాచిక విఫలమైనప్పటి నిట్టూర్పు, నిర్వాహకుడి సవరణ కనిపిస్తాయి. ఫైన్ చెప్పిన మూడు చట్రాలూ ఒకే పుటలో నిలుస్తాయి.

ఈ ఆటకు నిర్వాహకుడైన ర్యో మిజునో 1988లో అదే కథను నవలగా రాశారు. 1990లో అది యానిమేషన్ చిత్రమాలిక అయింది. ఈ కథలో అత్యంత ప్రసిద్ధి పొందిన పాత్ర డీడ్లిట్ అనే ఎల్ఫ్ కన్య. ఆటలో ఆమెను ధరించినవాడు హిరోషి యమమోతో అనే పురుష రచయిత. రీప్లే చదివే పాఠకుడికి ఆమె సౌకుమార్యం వెనుక ఒక పురుషుడి చమత్కారం, ఆ చమత్కారానికి తోటి ఆటగాళ్ళు నవ్వే నవ్వు కూడా వినిపించే అవకాశముంది. నవలలో డీడ్లిట్ మాత్రమే మిగులుతుంది. నవలాకారుడు తప్పు చేశాడని దీని అర్థం కాదు. నవలకు పాత్ర కావాలి, దాన్ని ధరించినవాడు అక్కరలేదు. అయితే పాత్ర ఎలా పుట్టిందో తెలుసుకోగోరే విమర్శకుడికి ఆ నవ్వు కూడా పాఠంలో భాగమే.

మౌఖిక సాహిత్యం బోధించేవారికి ఇది పరిచితమైన చిక్కే. బుర్రకథను అచ్చువేసేటప్పుడు కథకుడి వచనం, పాట నిలుస్తాయి. వంతలు అప్పటికప్పుడు వేసే ప్రశ్న, హాస్యం, సభనుబట్టి మారే ఛలోక్తి జారిపోతాయి. మిగిలిన ప్రతిని చదివి ఇదే బుర్రకథ అనుకొంటే ప్రదర్శనలో సగం లేకుండానే ప్రదర్శనను అంచనా వేసినట్టవుతుంది. రీప్లే అనే రూపం వంతలనూ అచ్చులో నిలపాలని చూస్తుంది. దానికీ సంపాదకుడుంటాడు, ఆయన కత్తిరింపులుంటాయి. కానీ ఇది పలువురి గొంతులతో అల్లిన కథ అన్న సంగతిని మాత్రం ఆ రూపం దాచదు.

5. దినచర్య: మరపును నియమం చేసిన క్రీడ

పై రెండు సాధనాలలో రాత ఆటకు తోడు. టిమ్ హచింగ్స్ రూపొందించిన ‘థౌజండ్ ఇయర్ ఓల్డ్ వాంపైర్’లో రాతే ఆట. ఇది ఒక్కరే ఆడే క్రీడ. ఆటగాడు శతాబ్దాలపాటు బతికే రక్తపిశాచి పాత్రను ధరిస్తాడు. పది ముఖాల పాచికలోంచి ఆరు ముఖాల పాచికను తీసివేయగా వచ్చిన అంకెను బట్టి పుస్తకంలోని ప్రశ్నల వరసలో ముందుకో వెనక్కో జరుగుతాడు. చేరిన చోట ఉన్న ప్రశ్నకు జవాబుగా ఒక ‘అనుభవం’ రాస్తాడు. ఒక్కో అనుభవం ఒక్క వాక్యం. మూడేసి అనుభవాలు పట్టేది ఒక ‘జ్ఞాపకం’. పాత్రకు అలాంటివి అయిదే ఉంటాయి.

అయిదూ నిండాక కొత్తదానికి చోటు కావాలంటే ఉన్నవాటిలో ఒకదాన్ని కొట్టివేయాలి. లేదా దినచర్యలోకి మార్చాలి. దినచర్యలో నాలుగు జ్ఞాపకాలకే చోటు. అక్కడికి చేరిన జ్ఞాపకానికి కొత్త అనుభవం కలపడానికి వీల్లేదు. దినచర్య కూడా పాత్ర దగ్గరున్న ఒక వస్తువే కనుక ఆటలో అది పోవచ్చు. పోతే అందులోని జ్ఞాపకాలన్నీ పోతాయి. మరపుకు రాత విరుగుడు అన్న సామాన్య విశ్వాసాన్ని ఈ నియమాలు తలకిందులు చేస్తున్నాయి. రాసుకొన్నది భద్రంగానే ఉంటుంది గాని ఇక ఎదగదు. మనసులో ఉన్నది ఎదుగుతుంది గాని ఏ క్షణంలోనైనా పోవచ్చు.

ఈ నియమం కథను ఎలా పుట్టిస్తుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. పాత్ర మొదట ఒక శిల్పి కొడుకు అనుకొందాం. ‘నాన్న చెక్కిన చర్చి గుమ్మం అడుగున, ఆయన చూడకుండా నా పేరు చెక్కాను’ అన్నది అతని తొలి అనుభవాలలో ఒకటి. రెండు వందల ఏళ్ళ తరువాత చోటు చాలక ఆ జ్ఞాపకాన్ని ఆటగాడు కొట్టివేశాడు. మరికొంత కాలానికి అదే చర్చి ముందుకు రావలసి వచ్చినప్పుడు పాత్ర ఆ పేరు చదువుతుంది. అది ఎవరిదో దానికి తెలియదు. ఆటగాడికి తెలుసు. కాగితంమీద గీత కింద ఆ వాక్యం ఇంకా చదవడానికి వీలుగానే ఉంది. పాత్రకు లేనిది, ఆటగాడు పోగొట్టుకోలేనిది అయిన ఈ తెలివిడిలోనే ఈ క్రీడలోని కరుణరసానికి ఆలంబన ఉంది. దుఃఖాన్ని అనుభవించవలసినవాడికి దుఃఖకారణమే గుర్తులేదు. ఆ దుఃఖం సహృదయుడి భాగానికి వచ్చింది.

ఈ క్రీడకు పరిమితులూ ఉన్నాయి. అనుభవం ఒక్క వాక్యానికే కుదించాలన్న నియమం సాంద్రతను ఇచ్చినట్టే, ప్రతి వాక్యాన్నీ సూక్తిగా మలచాలన్న మోజును కూడా రేపుతుంది. అలాంటి వాక్యాలు పదిహేను పేర్చినప్పుడు అందం మిగిలి మనిషి మాయమయ్యే ప్రమాదముంది. ఒంటరి ఆట కావడంవల్ల, లోడోస్‌లో వినిపించే రెండో గొంతు ఇక్కడ లేదు. పాత్ర చెప్పుకొన్నదాన్ని కాదనేవారెవరూ ఉండరు. పాచిక ఒక్కటే ఎదుటిమనిషి పాత్ర వహిస్తుంది.

6. విలువ కట్టే ప్రమాణాలు

ఈ మూడు సాధనాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. పాత్రపత్రం కథను వదిలి పేరును, అంకెను నిలిపింది. సంభాషణ ప్రతి ఆటగాళ్ళ గొంతులను నిలిపింది. దినచర్య పాత్ర అంతరంగాన్ని నిలిపి మిగిలిన బల్లను ఖాళీ చేసింది. పూర్తిగా భద్రపరిచే సాధనం లేదు. అందువల్ల ఒక దినచర్య జరిగినదంతా చెప్పిందా అన్న ప్రశ్న విమర్శకు ఉపయోగపడదు. దానికి బదులు మూడు ప్రశ్నలు వేయవచ్చు.

మొదటిది, యాదృచ్ఛికత గుర్తు మిగిలిందా? పాచిక విఫలమై ఒక వీరుడు చచ్చిపోతే, దినచర్య దాన్ని విధిగానో త్యాగంగానో దిద్దితీరుతుందా, లేక ఆ అర్థరాహిత్యాన్ని ఉండనిస్తుందా? రెండవది, ఇతరుల భాగం కనిపిస్తోందా? అయిదుగురు కలిసి కల్పించిన కథను రాసే ఓపిక ఉన్న ఒక్కరు రాస్తే, కాలక్రమంలో ఆ ఒక్కరే దానికి కర్త అవుతారు. దినచర్య పొగిడినవారు వీరులుగా, పట్టించుకోనివారు అనుచరులుగా మిగులుతారు. మూడవది, కొట్టివేత కనిపిస్తోందా? హచింగ్స్ క్రీడలో గీత కింది వాక్యం మాదిరిగా, ఇక్కడ ఒకటి ఉండేది అన్న జాడ ఉన్నప్పుడు పాఠకుడు ఆ ఖాళీని కూడా చదవగలుగుతాడు. జాడ లేని నున్నటి కథనం చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ అది క్రీడనుంచి వచ్చిందని చెప్పగల ఆధారమేదీ దానిలో ఉండదు.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• రోల్‌ప్లేయింగ్ క్రీడలో ఒకే వ్యక్తిలో కలిసిపోయిన కవి, నటుడు, సహృదయుడు దినచర్య రచనలో మళ్ళీ విడిపోతారు. కనుక దినచర్యను ఆటకు నకలుగా కాక, ఆటమీద చేసిన రచనగా చదవాలి.

• కథను భద్రపరచడం యాజమాన్యంతో ముడిపడిన పని. మెల్ఫ్ పేరు తొలగింపు వాణిజ్య స్థాయిలో, ఒక్కరే దినచర్య రాయడం బల్ల స్థాయిలో ఈ సంగతినే తెలుపుతున్నాయి.

• ‘థౌజండ్ ఇయర్ ఓల్డ్ వాంపైర్’ మరపును లోపంగా కాక నియమంగా స్వీకరించి, స్మృతికీ రాతకూ ఉన్న సంబంధాన్ని క్రీడారూపంలోనే విమర్శించింది.

ఈ తరహా రాతలు ఇప్పటికే పాఠ్యగ్రంథాల వెలుపల విస్తారంగా ఉన్నాయి. వాటిని సాహిత్యంగా గుర్తించాలా వద్దా అన్న చర్చకంటె ముందు, వాటిని ఏ రూపంలో సేకరించాలన్నది తేల్చుకోవాలి. పాత్రపత్రాన్ని పారవేసి, పాచిక ఫలితాలను తీసివేసి, తోటివారి మాటలను దిద్ది, చక్కని కథగా మాత్రమే దాచితే రేపటి పరిశోధకుడికి అందేది మరో కాల్పనిక కథ. కొట్టివేతలతో, తప్పులతో, పక్కవాడి వేళాకోళంతో సహా దాచితే, మనుషులు కలిసి కూర్చొని కథ ఎలా కడతారో తెలిపే సాక్ష్యం అందుతుంది. మౌఖిక సాహిత్య సేకరణ చాలా పాఠాలను పోగొట్టుకొన్నాకగాని ఈ జాగ్రత్త నేర్వలేదు. ఈ కొత్త ప్రక్రియ విషయంలో ఆ జాగ్రత్తను మొదటినుంచీ పాటించే వీలు మనకుంది.