క్వేకరు పాఠశాల తొలి చరిత్ర: ‘ఫిర్యాదుల పుస్తకం’ – ఒక పరిశీలన

కీలకపదాలు: క్వేకర్లు, క్లార్కెన్‌వెల్ పనిశాల, జాన్ బెల్లర్స్, రిచర్డ్ హట్టన్, ప్రాథమిక ఆధారాలు.

1. ఉపోద్ఘాతం

17వ శతాబ్ది మధ్యకాలంలో ఇంగ్లండులో ఏర్పడిన క్రైస్తవ శాఖలలో ‘మిత్ర సమాజం’ ఒకటి. ఆ సమాజ సభ్యులే క్వేకర్లుగా ప్రసిద్ధులు. మౌనప్రార్థనకు, మానవ సమానత్వానికి ప్రాధాన్యమిచ్చిన వీరు తమ పిల్లల కోసం ప్రత్యేక పాఠశాలలను నెలకొల్పుకొన్నారు. వాటిలో శాఫ్రన్ వాల్డెన్‌లోని ఫ్రెండ్స్ స్కూలుకు మూలం 1702లో లండన్‌లోని క్లార్కెన్‌వెల్‌లో ప్రారంభమైన పనిశాల. ఆ సంస్థ 1786లో ఇస్లింగ్టన్ రోడ్డుకు, 1825లో క్రోయిడన్‌కు, 1879లో శాఫ్రన్ వాల్డెన్‌కు తరలి, 2017లో మూతపడింది. పాఠశాలగా రూపొందక ముందటి ఆ పనిశాల జీవితాన్ని తెలిపే ఆధారాలలో ముఖ్యమైనది రిచర్డ్ హట్టన్ ‘ఫిర్యాదుల పుస్తకం’. దానిని ఏ దృష్టితో చదవాలన్నదే ఈ వ్యాసంలోని చర్చనీయాంశం.

2. ఆదర్శ ప్రణాళిక

పనిశాలకు భావభూమిక జాన్ బెల్లర్స్ 1695లో ప్రచురించిన ‘పరిశ్రమ కళాశాల’ ప్రతిపాదన. 300 మంది కలిసి జీవించే సంస్థలో 200 మంది శ్రమ అందరి అవసరాలనూ తీరుస్తుందని, తక్కిన 100 మంది శ్రమ లాభంగా మిగులుతుందని ఆయన లెక్క కట్టాడు. చదువు, శ్రమ ఒకదానికొకటి తోడ్పడాలన్నది ఆయన ఆశయం. అయితే ఈ ప్రతిపాదనలో పేదలు అంకెలుగానే కనిపిస్తారు. వారికి మాట లేదు.

3. ఫిర్యాదుల పుస్తకం

క్లార్కెన్‌వెల్‌లో వృద్ధులు, పిల్లలు ఒకే కప్పు కింద ఉండేవారు. పిల్లలు నూలు వడికేవారు. 1711 నుండి 1737 వరకు నిర్వాహకుడిగా ఉన్న హట్టన్, సంస్థ మీద వచ్చిన ఫిర్యాదులను, వాటికి తన సమాధానాలను ఒక పుస్తకంలో రాసుకొన్నాడు. టిమొతీ హిచ్‌కాక్ సంపాదకత్వంలో దానిని లండన్ రికార్డ్ సొసైటీ 1987లో ప్రచురించింది.

తిండి, శిక్ష, యోగక్షేమాలు ఈ ఫిర్యాదులలో ప్రధాన విషయాలు. హట్టన్ లక్ష్యం ఆత్మరక్షణ. తనపై వచ్చిన మాట నిరాధారమని నిరూపించడానికే ఆయన కలం పట్టాడు. కాని ఖండించాలంటే ముందు ఆ మాటను ఉదాహరించక తప్పదు. అందువల్ల పనిశాల వాసుల అసంతృప్తి వారి ప్రత్యర్థి చేతిరాతలోనే భద్రమైంది. ఈ వైరుధ్యమే ఈ ఆధారానికి విలువను, పరిమితిని కూడా నిర్ణయిస్తున్నది. తిండి నిజంగా చాలలేదా అన్న ప్రశ్నకు ఈ పుస్తకం ఒక్కటే తీర్పు చెప్పలేదు. తిండి వివాదాస్పదమైందని, దానికి నిర్వాహకుడు జవాబు చెప్పుకోవలసి వచ్చిందని మాత్రం నిస్సందేహంగా చెబుతుంది.

ఇక్కడ రెండు తొందరపాట్లకు అవకాశముంది. ఫిర్యాదులన్నింటినీ సత్యాలుగా స్వీకరించి హట్టన్‌ను క్రూరుడిగా చిత్రించడం ఒకటి. ఆయన సమాధానాలనే ప్రమాణంగా తీసుకోవడం మరొకటి. సమానత్వాన్ని విశ్వసించిన సమాజంలో పేదవాడి మాటను పూర్తిగా తోసిపుచ్చడం సులభం కాదు. అధికారానికీ ఆ విశ్వాసానికీ నడుమ జరిగిన ఘర్షణకు సాక్ష్యంగా చదివినప్పుడే పుస్తకం అర్థవంతమవుతుంది.

4. సంస్థ చరిత్ర – శీర్షిక

డేవిడ్ బోలమ్ 1952లో వెలువరించిన పాఠశాల చరిత్రకు ‘అవిచ్ఛిన్న సమాజం’ అనే అర్థం వచ్చే శీర్షిక ఉంది. 250 ఏళ్ల నిర్వహణ పరంపర దృష్ట్యా అది సమంజసమే. కాని పనిశాలలో నూలు వడికిన బాలుడినీ, తరువాతి కాలపు వసతి పాఠశాల విద్యార్థినీ ఒకే సూత్రంలో గుచ్చడం వల్ల, వారి మధ్య ఉన్న వర్గభేదం మరుగున పడే ప్రమాదముంది. నిర్వాహకుల వైపు నుండి చూస్తే కొనసాగింపుగా కనిపించేది, ఆశ్రితుల వైపు నుండి చూస్తే మార్పుగా తోస్తుంది.

5. ముగింపు

విద్యాసంస్థల తొలి దస్తావేజులను సాధారణంగా నిర్వాహకులే రాశారు. వాటిలో పిల్లల స్వరం నేరుగా వినిపించదు. అంతమాత్రాన అది లేదని కాదు. నిర్వాహకుడు దేనికి జవాబు చెబుతున్నాడో గమనిస్తే, ఎవరు ఏమి అడిగారో తెలుస్తుంది. హట్టన్ తన నిర్దోషిత్వం కోసం రాసిన పుటలు క్లార్కెన్‌వెల్ పేదలు మౌనంగా లేరని చెప్పే సాక్ష్యంగా మిగిలాయి. పాఠశాల తొలి చరిత్రను రాసేవారు స్థాపకుల ఆశయంతో పాటు ఈ అసమ్మతికి కూడా చోటు కల్పించవలసి ఉంది.