సంతకాల వరుస

నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న తన కీర్తనల్లో రామదాసు ముద్ర వేసుకున్నాడు. ఎవరి నోట విన్నా కర్త ఎవరో ఆ ముద్రే చెబుతుంది. అయితే మూడు వందల ఏళ్లకు పైగా పాడుకుంటూ వచ్చిన ఆ పాటల్లో ఏ మాట ఎవరి నోట మారిందో చెప్పే ఆనవాలు లేదు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ కోడ్‌లో మార్పుల కోసం బయటివాళ్లు పంపే ప్యాచ్‌లను చదువుతుంటే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. కర్త పేరుతో పాటు, దారిలో చెయ్యి వేసిన ప్రతి ఒక్కరి పేరూ నిలిచేలా అక్కడ ఏర్పాటు చేసుకున్నారు.

ప్యాచ్ అంటే తీసేసిన వరుసల ముందు మైనస్, చేర్చిన వాటి ముందు ప్లస్ ఉండే మామూలు టెక్స్టు. ఖమ్మంలో చదివే కుర్రాడు పంపినా, ఇంటెల్ ఇంజినీరు పంపినా రూపం ఒకటే. ఏ భాగం ఎవరు చూస్తారో ‘మెయింటైనర్స్’ అనే ఫైలులో రాసి ఉంటుంది కాబట్టి సిఫారసు అక్కర్లేదు. ఒక ప్యాచ్‌లో ఒక్క మార్పే ఉండాలి. పది ప్యాచ్‌లు కలిపి పంపితే, ప్రతి ఒక్కదాని తర్వాతా కెర్నెల్ కంపైల్ కావాలి, నడవాలి. రేపెప్పుడో లోపం బయటపడితే మార్పుల చరిత్రను సగానికి సగం కోసుకుంటూ వెళ్లి అది ఎక్కడ మొదలైందో పట్టుకుంటారు. మధ్యలో ఒక్కటి నడవకపోయినా ఆ వెతుకులాట చిక్కుపడుతుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ప్యాచ్ పంపే ఈమెయిలులో ఉండే మూడు చిన్న అడ్డగీతల పని. వాటికి పైన రాసిన వివరణ, అంటే సమస్య ఏమిటి, ఎందుకు మార్చాలి అన్నది, శాశ్వతంగా చరిత్రలో చేరుతుంది. కింద ‘మొదటి విడతలో మీరు చెప్పింది సరిచేశాను’ లాంటివి రాసుకోవచ్చు. ప్యాచ్‌ను ఎక్కించేటప్పుడు, మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనం వాటిని వదిలేస్తుంది. ఇవాళ పరిశీలించేవారికి కావలసింది వేరు, పదేళ్ల తర్వాత చదివేవారికి కావలసింది వేరు. ఒకే ఉత్తరంలో ఇద్దరికీ చోటు చూపిన నేర్పు అది!

2003లో ఎస్‌సీఓ సంస్థ ఐబీఎం మీద దావా వేసి, తమ కోడ్ లినక్స్‌లోకి చేరిందని వాదించింది. మరుసటి ఏడాదే లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ సంతకం పద్ధతి తెచ్చాడు. ‘సైన్డ్-ఆఫ్-బై’ అని పేరు రాస్తే, ఈ కోడ్ ఇచ్చే హక్కు తనకుందని పూచీ పడ్డట్టు. ప్యాచ్ ఎవరెవరి చేతుల మీదుగా పైకి వెళ్తే వాళ్లంతా కింద సంతకాలు చేరుస్తారు. 2005లో వచ్చిన గిట్ రాసినవారినీ ఎక్కించినవారినీ విడివిడిగా నమోదు చేస్తుంది. ఎంత పెద్ద మెయింటైనర్ ఎక్కించినా కర్తగా నిలిచేది ఆ ఖమ్మం కుర్రాడి పేరే. లోపం చూసి చెప్పినవారికి కూడా ‘రిపోర్టెడ్-బై’ అని ఒక వరుస ఉంది.

కొన్నిసార్లు మెయింటైనర్ ఆ ప్యాచ్‌ను కాస్త మార్చాల్సి వస్తుంది. ఒకరి కోడ్‌ను మార్చి, మన తప్పులకు వాళ్లను పూచీ చేయడం చాలా అమర్యాద అని కెర్నెల్ నియమాల్లోనే ఉంది. అందుకని ఆయన ముందరి సంతకానికీ తన సంతకానికీ మధ్య చదరపు బ్రాకెట్లలో తన ఈమెయిలు రాసి, పక్కనే తాను మార్చిందేమిటో చెబుతాడు.