షట్టర్ బరువు ఎవరు మోయాలి

ఇంటి కింద కారు షెడ్డుకు బిగించే రోలింగ్ షట్టర్ పైకి కనిపించే దానికన్నా చాలా బరువైనది. ఎనిమిది అడుగుల ఎత్తు, పది అడుగుల వెడల్పు ఉన్న ద్వారానికి 18 గేజ్ రేకు, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్నది వాడితే, చదును రేకుగా లెక్కవేసినా 70 కిలోలు తూగుతుంది. పట్టీల అంచులు ఒకదానిలో ఒకటి ఇమిడేలా చుట్టడానికి పట్టే రేకు, అడుగున బిగించే దళసరి పట్టీ, తాళాల బరువు దీనికి అదనం. ఇంత బరువును ఇంట్లో ఎవరైనా రోజూ పొద్దున లేపి, రాత్రి దించగలుగుతున్నారంటే ఆ పని చేసేది చేతులు కాదు, పైన పెట్టెలో దాగి ఉన్న స్ప్రింగులు.

ఆ పెట్టె లోపల అడ్డంగా ఒక ఇనుప పైపు ఉంటుంది. రెండు గోడలకు బిగించిన బ్రాకెట్లు దాన్ని పట్టుకుంటాయి. చేత్తో ఎత్తే రకంలో పైపు తిరగదు. దాని మీద ఉన్న చక్రాలు తిరుగుతాయి. స్ప్రింగు ఒక కొస పైపుకు, రెండో కొస చక్రానికి తగిలించి ఉంటుంది. షట్టర్ పై అంచు ఆ చక్రాలకే బిగిస్తారు. షట్టర్ దిగుతున్నకొద్దీ వేలాడే బరువు పెరుగుతుంది, స్ప్రింగు మరింత మెలి పడి బిగుస్తుంది. పైకి లేస్తున్నకొద్దీ బరువు చుట్టలోకి పోతుంది, స్ప్రింగు సడలుతుంది. బరువూ బిగువూ ఇలా జతగా పెరిగి జతగా తగ్గడంలోనే ఈ తలుపు తెలివంతా ఉంది. మన దేశంలో లోహపు రోలింగ్ షట్టర్లకు ఐఎస్ 6248 అనే ప్రమాణం ఉంది. కేంద్ర ప్రజాపనుల శాఖ రేట్ల పట్టికలో 27.5 సెంటీమీటర్ల పొడవున్న గట్టి తీగ స్ప్రింగుల ప్రస్తావన ఉంటుంది. 10 చదరపు మీటర్లు దాటిన షట్టర్లకు గొలుసు, క్రాంకు ఏర్పాటును అదే పట్టిక విడిగా లెక్కిస్తుంది. అంతకు మించిన వైశాల్యాన్ని చేతి సత్తువకు వదలకూడదన్నది దాని భావం.

ఈ వారం ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఒక కాలనీలో కనిపించిన షట్టర్. ఇంటివాళ్లకు ఎత్తడం కష్టమైంది. మెకానిక్ వచ్చి, "మోటారు పెట్టించుకోండి సార్, ఇక చేత్తో పని ఉండదు" అన్నాడు. పెట్టించుకున్నారు. కొన్నాళ్లకే మోటారు కాలిపోయింది. ఈసారి ఇంకా పెద్ద మోటారు పెట్టాలంటున్నారు. షట్టర్ ఎందుకు బరువెక్కిందో మొదటిసారీ ఎవరూ చూడలేదు, రెండోసారీ చూడలేదు. కుట్టుమిషన్ బెల్టు, మిక్సీ బుష్, చేతిపంపు వాషరు గురించి ఈ శీర్షిక ఇదివరకు పట్టుబట్టి చెప్పిన మాటే ఇక్కడా వర్తిస్తుంది: వస్తువు మొరాయిస్తే ముందు కారణం వెతకాలి, ఆ తరువాతే ఖర్చు.

షట్టర్ అరుగుదల కింది నుంచే మొదలవుతుంది. తెలుగు ఇళ్లలో వాకిలి రోజూ కడుగుతారు. ఆ నీళ్లు అడుగు పట్టీ కిందికి, రెండు పక్కలా షట్టర్ జారే గైడు మొదట్లోకి చేరి అక్కడే నిలుస్తాయి. వాటితోపాటు ముగ్గుపిండీ మట్టీ గైడు అడుగున పేరుకుంటాయి. ఆ ముద్ద తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి మిగతా షట్టర్ బాగున్నా అడుగు జానెడు మాత్రం తుప్పు తినేస్తుంది. ర్యాంపు వాలు లోపలికి ఉన్న ఇళ్లలో వాననీరు కూడా ఇదే చోటికి వస్తుంది. దీనికి మందు సులభం. కడిగిన తరువాత గైడు అడుగుభాగాన్ని పుల్లతో గోకి పొడిగుడ్డతో తుడవాలి. గైడు నేలను తాకే చోట నీరు బయటికి పోయేలా చిన్న సందు వదలమని కట్టేటప్పుడే మేస్త్రీకి చెప్పాలి. వాకిలి కడగడం మానమని ఎవరూ అనలేరు, అనకూడదు కూడా.

గైడు అంటే రెండు పక్కలా నిలువుగా ఉండే ఇనుప కాలువ. పట్టీల కొసలు అందులో జారాలి. దుమ్ము, ఇల్లు కట్టినప్పుడు పడి గట్టిపడిన సిమెంటు, కందిరీగల మట్టిగూళ్లు, పండగ పండగకూ పూసిన రంగుల పొరలు ఈ దారిని ఇరుకు చేస్తాయి. అన్నిటికన్నా ఎక్కువ కీడు చేసేది మంచి ఉద్దేశంతో పోసే నూనె. బండిలోంచి తీసిన పాత ఇంజినాయిలో, గ్రీజో గైడు పొడవునా పూస్తే రెండు రోజులు హాయిగా జారుతుంది. తరువాత గాలిలోని ఇసుకరేణువులన్నీ దానికి అంటుకుని, గైడునూ పట్టీలనూ కలిపి అరగదీసే ముద్దగా మారతాయి. తాండూరు, బేతంచెర్ల వంటి రాళ్ల ఊళ్లలో, రాతి పొడి గాలిలో ఉన్నచోట, ఇది మరీ త్వరగా జరుగుతుంది. గైడును కిరోసిన్ గుడ్డతో శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చి, మైనంగానీ సిలికాన్ స్ప్రేగానీ పలుచగా పట్టించాలి. నూనె పోయవలసింది పైన స్ప్రింగు చుట్లకు, బేరింగులకు. సాధారణంగా ఇళ్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. చేతికందే గైడుకు నూనె పోస్తారు. నిచ్చెన ఎక్కాల్సిన స్ప్రింగు ఏళ్ల తరబడి ఎండిపోయి ఉంటుంది.

పట్టీల సంగతి చెప్పే ముందు పాత అంగళ్ల తలుపులను తలచుకోవాలి. షట్టర్లు రాకముందు బజారు వీధుల్లో దుకాణాలకు నిలువు చెక్కలు ఉండేవి. పైన దూలానికీ కింద గడపకూ గాడి తొలిచి, ఒక చివర నుంచి చెక్కలను ఒక్కొక్కటిగా అందులోకి దించి పక్కకు జరిపేవారు. ప్రతి చెక్క మీద సుద్దతోనో రంగుతోనో అంకె వేసి ఉండేది, ఎందుకంటే గాడి అరుగుదలను బట్టి ఏ చెక్క చోటు దానిదే. అన్నీ నిలిచాక అడ్డంగా ఒక ఇనుప పట్టా వేసి తాళం పెట్టేవారు. పొద్దున్నే ఆ చెక్కలు తీసి గోడకు చేర్చే చప్పుడుతో వీధి మేల్కొనేది. ఆ తలుపుకు స్ప్రింగు లేదు, బేరింగు లేదు. చెదపడితే ఆ ఒక్క చెక్కనే వడ్రంగి మార్చేవాడు. మిగతావాటిని ముట్టుకునే పని ఉండేది కాదు. గాడి అరిగితే గడప మీద సన్నని బద్ద కొట్టి సరిచేసేవాడు. తలుపు బరువు మొత్తం ఎప్పుడూ ఒక్క మనిషి మీద పడేది కాదు, చెక్కకు చెక్కగా పంచుకుని పడేది. పదేళ్ల పిల్లవాడు కూడా నాన్నకు సాయంగా చివరి చెక్కలు మోయగలిగేవాడు. దుకాణం వయసుతో పాటు చెక్కల అంచులు నున్నబడి, వాటి మధ్య సందుల్లోంచి రాత్రి దీపపు వెలుగు గీతలుగా వీధిలో పడేది. అవి పోయినందుకు విచారించే కారణం ఏమీ లేదు. దొంగకు అవి సులభం, వానకు ఉబ్బేవి, తెరిచి మూయడానికి చాలాసేపు పట్టేది. అయితే వాటిలో ఒక గుణం షట్టర్‌కూ వచ్చింది, దాన్ని మాత్రం చాలామంది గమనించరు.

ఆ గుణం ఏమిటంటే, షట్టర్ కూడా ముక్కలుగానే తయారవుతుంది. దాదాపు 80 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీలు ఒకదాని కొక్కెంలో ఒకటి చేరి పరదాలా తయారవుతాయి. స్కూటర్ తగిలి రెండు పట్టీలు సొట్టపోతే ఆ రెండిటినే పక్కకు లాగి తీసి కొత్తవి ఎక్కించవచ్చు. "మొత్తం మార్చాల్సిందే" అన్న మాటను ఇక్కడ వెంటనే నమ్మకూడదు. సొట్టపోయిన పట్టీని అలాగే ఉంచితే మాత్రం చుట్ట చుట్టేటప్పుడు ప్రతిసారీ పక్క పట్టీని గీరుతుంది. పట్టీల కొసల్లో అవి పక్కకు జారకుండా చిన్న ఇనుప తాళాలు ఉంటాయి. అవి ఊడిపోతే పట్టీ పక్కకు జరిగి గైడు గోడను కొరకడం మొదలుపెడుతుంది. షట్టర్‌ను విసిరి దించేవారి ఇళ్లలో ఈ తాళాలు త్వరగా వదులవుతాయి.

తుప్పు పట్టీల కొక్కేల లోపల కూడా పుడుతుంది. బిగించిన తరువాత ఎంత రంగు వేసినా బ్రష్షు అక్కడికి చేరదు. అందుకే విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి ఉప్పుగాలి ఊళ్లలో పట్టీలు జింకు పూతతో ఉన్నవే తీసుకోవాలి. మామూలు రేకైతే కూర్చకముందే ప్రైమరు వేయించాలి. ఏటా పండక్కి దళసరిగా ఎనామిల్ పూయడం తుప్పును ఆపదు. కీలు దగ్గర రంగు గట్టిపడి పట్టీలు మడత పడవు, పైన చుట్ట లావెక్కి పెట్టెకు రాసుకుంటుంది.

వాడకంలో జరిగే తప్పులు రెండు. ఒకటి, ఒక పక్కనే పట్టి ఎత్తడం. అప్పుడు ఒక కొస ముందు లేచి షట్టర్ వంకరగా గైడులో ఇరుక్కుంటుంది. రెండు చేతులూ మధ్యభాగంలో వేసి ఎత్తాలి. రెండోది, రెండు వైపుల తాళాల్లో ఒకటి తీయడం మరచి బలంగా లాగడం. కొత్త షట్టర్ కూడా ఒక్కసారి ఇలా లాగితే అడుగు పట్టీ మెలి తిరుగుతుంది, ఆ మెలిక మళ్లీ పూర్తిగా పోదు.

ఇక స్ప్రింగు. లోహం మెలి పడి సడలిన ప్రతిసారీ కొంచెం అలసిపోతుంది. అమెరికాలో ఇళ్ల గ్యారేజీ తలుపుల స్ప్రింగులను సాధారణంగా 10,000 సార్లు తెరిచి మూసే లెక్కతో తయారు చేస్తారు. రోజుకు నాలుగుసార్లు వాడితే ఏడేళ్లకు కాస్త ముందే ఆ లెక్క తీరిపోతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబాలు చాలావరకు ఇంట్లోకి వచ్చేదీ పోయేదీ గ్యారేజీ నుంచే. ముందు తలుపు అతిథులకే. కాబట్టి వాళ్లకు ఆ ఏడేళ్లు ఇంకా తగ్గుతాయి. స్ప్రింగు ఒకరోజు తుపాకీ పేలినంత చప్పుడుతో విరిగితే అది తయారీ లోపం కానక్కరలేదు, ఆయువు తీరడం కావచ్చు. మన షట్టర్ స్ప్రింగు ఆకారం వేరైనా అలసట ధర్మం ఒక్కటే. పైగా తుప్పు గుంటలు పడితే ఆయువు సగంలోనే ఆగిపోవచ్చు.

మరమ్మతును ఎప్పుడూ వెనకేసుకొచ్చే ఈ శీర్షిక ఇక్కడ మాత్రం మరమ్మతు వద్దని గట్టిగా చెబుతుంది. విరిగిన స్ప్రింగు కొసను గ్యాస్ మంటతో కాల్చి, మళ్లీ వంచి కొక్కెం చేసి తగిలించడం కొన్నిచోట్ల మామూలే. ఆ తీగ బలం దాన్ని చల్లగా లాగి తయారు చేయడం వల్ల వచ్చింది; ఎర్రగా కాల్చినచోట ఆ బలం పోతుంది. చుట్టు ఒకటి తగ్గడంతో మిగిలిన చుట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. అలాంటి స్ప్రింగు మళ్లీ విరిగేటప్పుడు షట్టర్ పైన ఉంటే మొత్తం బరువు కిందికి దూకుతుంది. విరిగినది మార్చాలి. దానితో పాటు అదే వయసున్న మిగతా స్ప్రింగులనూ మార్చాలి. ఈ పని ఇంటివాళ్లు చేయకూడదు. బ్రాకెట్ దగ్గర బోల్టు విప్పిన క్షణంలో స్ప్రింగులో ఉన్న బిగువంతా పైపును గిర్రున తిప్పుతుంది. పైపు రెంచి చేతిలోంచి జారితే మణికట్టు విరగడం ఖాయం. అనుభవం ఉన్న మెకానిక్ కూడా షట్టర్ కింద గట్టి దుంగలు నిలబెట్టాకే పని మొదలుపెట్టాలి.

మోటారు విషయం మిగిలింది. చేత్తో ఎత్తే షట్టర్‌లో ఒక మేలుంది: బరువు పెరిగితే భుజానికి తెలుస్తుంది. మోటారు ఆ కబురు చేరనివ్వదు. గైడు వంకర పోయినా, స్ప్రింగు సడలినా తిప్పుతూనే ఉంటుంది, తాను కాలిపోయేదాకా. ఈ కారణంతో ఇళ్లకు మోటారు అక్కరలేదని తేల్చేయడం సులభం. కానీ ఇప్పటి తెలుగు ఇళ్లను చూస్తే ఆ తీర్పు నిలవదు. పిల్లలు దూరదేశాల్లో ఉంటారు. ఇంట్లో డెబ్బై ఏళ్ల దంపతులు ఇద్దరే. ఆయనకు నడుం నొప్పి, ఆమెకు మోకాళ్లు. స్ప్రింగు ఎంత బాగున్నా నేల మీద నుంచి ఆ అంచు లేపడానికి వంగక తప్పదు. అలాంటి ఇంటికి మోటారు అవసరమే, ఆడంబరం కాదు. గైడులు సరిచేసి, స్ప్రింగులు మార్చి, షట్టర్ చేతికి తేలికయ్యాకే దాన్ని బిగించాలి. కరెంటు పోయినప్పుడు చేత్తో తిప్పే గొలుసు, పైనా కిందా తానే ఆగే లిమిట్ స్విచ్, సరైన ఎర్తింగ్ ఉండాలి. అడ్డం వస్తే ఆగి వెనక్కి మళ్లే ఏర్పాటు కూడా కావాలి. అమెరికాలో 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ఇంటి గ్యారేజీ మోటార్లకు మనిషి కింద ఇరుక్కోకుండా కాపాడే ఏర్పాటు చట్టప్రకారం తప్పనిసరి. తలుపుల కింద చిక్కుకుని పిల్లలు చనిపోయిన తరువాత వచ్చిన నిబంధన అది. మన ఇళ్లలోనూ మనవలు ఆడుకునేది ఆ వాకిట్లోనే కాబట్టి, కొనేటప్పుడు ఆ సెన్సారు ఉందా అని అడగాలి.

మోటారు బిగించడానికి వచ్చిన మనిషిని ముందుగా ఒక పని చేయమనండి: షట్టర్‌ను నడుం ఎత్తుకు లేపి, కింద ఎవరూ లేకుండా చూసి, చేతులు వదలమనండి. అది అక్కడే నిలిస్తే మోటారు పెట్టించుకోండి. కిందికి జారినా, పైకి ఎగిరినా, ఆ డబ్బును ముందు స్ప్రింగులకు పెట్టండి.