తప్పిపోయిన పాఠం ఎవరిది?

కథనీ కవితనీ చదివే శ్రద్ధతో మనం వ్యాపార ప్రకటనని చదవడం అరుదు. అది బడిలోకి పాఠంగా వచ్చినప్పుడైతే అదొక ప్రకటన అన్న సంగతే మర్చిపోతాం. బహిష్టు గురించి ఆడపిల్లలకు కంపెనీలు చెప్పే పాఠం అలాంటిదే.

2014లో విస్పర్ ‘టచ్ ద పికిల్’ అంటూ ఆ రోజుల్లో పచ్చడి జాడీ ముట్టుకోమంది. 2015లో కాన్ ప్రకటనల ఉత్సవంలో దానికి గ్లాస్ లయన్ విభాగంలో గ్రాండ్ ప్రీ వచ్చింది. 2022లో ‘ది మిస్సింగ్ చాప్టర్’ అదే వేదిక మీద మరో గ్రాండ్ ప్రీ తెచ్చుకుంది. పాఠ్యపుస్తకంలో బహిష్టు పాఠం లేకపోవడం వల్ల ఆడపిల్లలు బడి మానేస్తున్నారన్నది దాని వాదన. మైల, ముట్టు, దూరం అనే మాటలపై స్త్రీలు చేసిన పోరాటమంతా ఒక బ్రాండు గొంతులోకి చేరిపోయింది. ఆ బ్రాండు పేరుకి అర్థం గుసగుస!

ఇంతకీ పాఠం నిజంగా తప్పిపోయిందా? అప్పటికే ఎన్.సి.ఇ.ఆర్.టి. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో కౌమార దశ పాఠం ఉంది. అందులో రుతుచక్రం ఉంది. లేనిదల్లా దాన్ని పైకి చదివే గొంతు. నెల్లూరు తీరంలోని మా కోటలో (2022లో తిరుపతి జిల్లాలోకి మారింది) నేను చదువుకున్న బడిలో ఇలాంటి పాఠాన్ని ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని దాటేశారు. తర్వాత ఒక కంపెనీ తరఫున ఒకామె వచ్చింది. మగపిల్లల్ని గ్రౌండుకి పంపి, తలుపు వేసి, చార్టు విప్పింది. గర్భాశయం అనే మాటని మా ముందు బిడియపడకుండా పలికిన మొదటి మనిషి ఆవిడే. ఈ సంగతి ఒప్పుకోకుండా చేసే విమర్శ నిజాయితీ లేనిది.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ వాచకాన్ని ఇప్పుడు చదివితే దాని నిర్మాణం కనిపిస్తుంది. మొదట భయం: మరక, వాసన, నలుగురిలో పరువు. తర్వాత పరిష్కారం: ప్యాకెట్టు. రక్తహీనత గురించి లేదు. గుడ్డని ఉతికి ఎండలో ఎలా ఆరేయాలో లేదు. వాడినది ఎక్కడ పారేయాలో లేదు. బడి మరుగుదొడ్డిలో నీళ్లెందుకు లేవన్న ప్రశ్న అసలే లేదు. తలుపు వేయడంతోనే సిగ్గు కూడా పాఠంలో భాగమైంది. ఉచితంగా ఇచ్చినవి రెండు; బహిష్టు ఐదు రోజులు. కూలికి వెళ్లే తల్లి మిగతా రోజులకి ఏం కొంటుంది?

2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి ప్రకటనల్ని బడిలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపునా నిషేధించాయి. చిప్స్ కంపెనీ వస్తే ప్రకటన అంటాం. న్యాప్‌కిన్ కంపెనీ వస్తే చైతన్యం అంటున్నాం. న్యాప్‌కిన్ అవసరం, చిప్స్ కాదు, నిజమే. కానీ అవసరం ఎంత నిజమో, ఆ అవసరంపై బ్రాండు పేరు అచ్చుగుద్దడమూ అంతే నిజం.

1987లో ఓల్గా ‘స్వేచ్ఛ’ నవల రాశారు. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే పేరుతో, ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకు నెలకి 10 న్యాప్‌కిన్లు ఉచితంగా ఇచ్చే పథకం మొదలుపెట్టింది. అప్పుడు విస్పర్ తయారీదారు ప్రాక్టర్ అండ్ గాంబుల్ అందులో భాగస్వామిగా ఉంది. ఉచితంగా ఇవ్వడాన్ని నేను ప్రశ్నించడం లేదు, అది హక్కు. కానీ నవలలో నిర్ణయించుకునే శక్తికి పేరైన మాట ఇక్కడ సరఫరాకి పేరైంది. ఇచ్చేది ప్రభుత్వమే అయినప్పుడు ప్యాకెట్టు మీద బ్రాండు ఎందుకు? సైన్సు టీచరుండగా సుద్దముక్క కంపెనీ చేతిలో ఎందుకు?

తలుపు తీసి, మగపిల్లల్నీ కూర్చోబెట్టి, పుస్తకంలో ఉన్న పాఠాన్ని టీచరు పైకి చదివితే చాలు. కంపెనీ ఆక్రమించిన చోటు మన మౌనం ఖాళీగా వదిలిపెట్టిన చోటే.