పురి విప్పితేనే

పాత నులకతాడు చేతికి వస్తే నాకు ముందు ముడి వేయాలనిపించదు, దాని పురి విప్పాలనిపిస్తుంది. నారతో, వాడేసిన బట్టతో శిల్పాలు కట్టే ఈ పనిలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది ఆ విప్పడానికే.

మంచం నుంచి ఊడదీసిన నులకను నీళ్ళలో నానబెట్టి, దుమ్ము వదిలాక నీడన ఆరబెట్టి, పేటలు వేరుచేస్తాను. పురి పోయినా నార తిన్నగా సాగదు. పట్టెకు చుట్టుకున్న చోట వంపు, మనుషుల బరువుకు ఒరుసుకున్న చోట మెత్తదనం అలాగే నిలిచి ఉంటాయి. కొత్త తాడుకు ఆ వంపులు మనం నేర్పాలి. పాత తాడు వాటితోనే వస్తుంది, శిల్పం ఎటు తిరగాలో సగం అదే చెబుతుంది.

పోలండ్ శిల్పి మాగ్దలీనా అబకనోవిచ్ (1930–2017) రేవుల్లో పారేసిన సైసల్ నార మోకులను ఏరి తెచ్చి, పోగులుగా విప్పి, రంగువేసి, మళ్ళీ నేసేవారు. 1960లలో ఆమె నేసినవి గోడను వదిలి పైకప్పు నుంచి వేలాడాయి. వాటిని ఆమె పేరుతోనే అబకన్‌లన్నారు. 1969 నాటి ఎర్ర అబకన్ ఎత్తు దాదాపు 4 మీటర్లు. ఓడలను కట్టిన మోకులు అంత బరువుగా వేలాడటంలో నాకు వింతేమీ కనిపించదు. ఆ బలం వాటిలో ముందే ఉంది.

మన శిల్పి మృణాళినీ ముఖర్జీ (1949–2015) దారి వేరు. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివిన ఆమె, రంగువేసిన నారతాళ్ళను మగ్గం లేకుండా, ముందుగా బొమ్మ గీసుకోకుండా, ముడి మీద ముడి వేసి మనిషిని మించిన ఎత్తున నిలిపారు. 1984లో ‘యక్షి’, 1994లో ‘వనశ్రీ’ అలా పుట్టినవే. ఈ పని తెలిసినవాళ్ళు ఆ ముడుల ముందు చాలాసేపు నిలబడిపోతారు. లోపలివైపు బిగించి బయటివైపు వదిలితే అల్లిక వంగుతుంది. పోగులు చేర్చితే విచ్చుకుంటుంది, తగ్గిస్తే ముడుచుకుంటుంది. దేహాలు, రేకులు, మడతలు అన్నీ ఆ బిగింపు తేడాల్లోంచే వచ్చాయి.

రాయి నుంచి చెక్కేసిన ముక్క తిరిగి అతకదు. ముడి అలా కాదు, నచ్చకపోతే విప్పుకోవచ్చు. అందుకే కట్టినంతవరకు రాత్రి వేలాడదీసి, పొద్దున చూస్తాను. సొంత బరువుకు సాగి ఎక్కడ దిగిందో అక్కడికి విప్పి మళ్ళీ కడతాను.

ఈ పనికి మన దగ్గర సరంజామాకు కొదవ లేదు. కోనసీమ కొబ్బరి పీచుంది, ఉత్తరాంధ్ర గోగునారుంది, బొంతల కోసం దాచిన పాత చీరలున్నాయి. కలంకారీవాళ్ళు బెల్లం, ఇనుప తుక్కు కలిపి ఊరబెట్టే నీళ్ళు కరక్కాయ పట్టించిన నారను చక్కటి నలుపుకు తెస్తాయి.

అయితే ఏది ఎంత మోస్తుందో తెలియకుండా వీటిని కలపకూడదు. అరిగిన చీర పేలికకు ఎంత అందమున్నా బరువు అప్పగిస్తే చిరుగుతుంది. బరువు మోసే లోపలి కట్టుకు కొబ్బరితాడు, వంపులకు పాత నులక, పైన రంగుకు చీర అన్నది నా పద్ధతి. ఎవరి పద్ధతి వారు వెతుక్కోవచ్చు. వెతకాల్సింది మాత్రం పుస్తకంలో కాదు, విప్పిన పోగును వేళ్ళమధ్య లాగి చూసినప్పుడే అది తెలుస్తుంది.